బిజినెస్ ఎథిక్స్ పేపరు ఎంబీఏలో ఉంచాలా, తీసేయాలా? (సత్యం కేసు పెట్టుకుని మాట్లాడదాం)

తులసికోట:
నా మాట తీసేయమనే. ఆ గంటలు ఆడిటింగుకు ఇవ్వండి. కారణం వెతకడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు, హైదరాబాదు చాలు. 2008లో ఇక్కడి సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ డైరెక్టర్ల బోర్డులో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసరున్నారు, ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) డీన్ ఉన్నారు, మాజీ కేబినెట్ సెక్రటరీ ఉన్నారు. ఆ సెప్టెంబరులో కార్పొరేట్ గవర్నెన్సుకని, అంటే కంపెనీని సక్రమంగా నడిపినందుకని, గోల్డెన్ పీకాక్ అవార్డూ వచ్చింది. డిసెంబర్ 16న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన రియల్ ఎస్టేట్ కంపెనీ మేటాస్ ప్రాపర్టీస్‌ను మొత్తంగా, నిర్మాణ కంపెనీ మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని, రెండూ కలిపి 160 కోట్ల డాలర్లకు కొందామంటే ఆ బోర్డు సరేనంది. మదుపరులు గగ్గోలు పెడితే గంటల్లో వెనక్కి తగ్గారు. ఆపింది మార్కెట్టు, బోర్డులోని చదువు కాదు. అంతమంది పెద్దలకు అబ్బనిది మూడు క్రెడిట్ల పేపరుతో ఇరవై రెండేళ్ల కుర్రాళ్లకు అబ్బుతుందా?

పద్దుచిట్టా:
బోర్డు సంగతి తర్వాత. అసలు బొక్క ఎక్కడ పడిందో చూడండి. రామలింగరాజు మోసం ఒప్పుకుంటూ రాసిన 2009 జనవరి 7 నాటి ఉత్తరం ప్రకారం పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనే లేవు. దాని మీద లేని వడ్డీ 376 కోట్లు, చూపని అప్పు 1,230 కోట్లు, బాకీదార్ల దగ్గర ఎక్కువ చూపింది 490 కోట్లు. గోదాములో సరుకు తక్కువైందంటే తూకం తేడా అనుకోవచ్చు. బ్యాంకులో డబ్బు ఉందో లేదో ఆడిటర్ బ్యాంకుకు రాసే ఒక్క ఉత్తరంతో తేలిపోతుంది కదా.

ఆ ఉత్తరానికో పద్ధతి ఉంది, ఎస్‌ఏ 505 అనే ఆడిటింగ్ ప్రమాణం చెప్పేది అదే. ఆడిటరే తయారు చేయాలి, తనే పంపాలి, జవాబు నేరుగా తన ఆఫీసుకే రావాలి. బ్రాంచి చిరునామా కూడా కంపెనీ ఇచ్చిన కాగితాన్ని నమ్మేయకుండా సరిచూసుకోవాలి. సత్యంలో ఈ ఉత్తరాల పంపకం, రాక కంపెనీ యాజమాన్యం చేతికే వదిలేశారని అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2011లో తేల్చింది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు. దానికి సత్యం ఆడిట్ చేసిన ప్రైస్ వాటర్‌హౌస్ భారత సంస్థల మీద పడిన జరిమానా 75 లక్షల డాలర్లు.

ఇంకో అడ్డపరీక్ష టీడీఎస్, అంటే చెల్లించేటప్పుడే కోసే పన్ను. ఎఫ్‌డీ వడ్డీ మీద బ్యాంకు పన్ను కోసి సర్టిఫికెట్ ఇస్తుంది. పుస్తకాల్లో వడ్డీకి, సర్టిఫికెట్లలో వడ్డీకి పొంతన చూడటం ఒక పూట పని. వీటిలో నీతి ఎక్కడుంది? పనిని పనిలా చేయడమే.

నల్లబల్ల:
చిట్టా గారూ, మీరే నాకు తలుపు తీశారు. కవరు కంపెనీ వాళ్ల చేతికిచ్చే ఆడిట్ కుర్రాడికి ఎస్‌ఏ 505 తెలీదంటారా? తెలుసు. తెలిసీ ఇస్తాడు, ఎందుకంటే అతని కళ్లకది తప్పుగా కనిపించదు. 'వాళ్లకు బ్యాంకుతో పరిచయం, పని తొందరగా అవుతుంది' అన్నట్టే కనిపిస్తుంది.

నైతిక నిర్ణయాన్ని అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ రెస్ట్ 1986లో నాలుగు భాగాలు చేశాడు. ఇక్కడో నైతిక ప్రశ్న ఉందని గుర్తించడం, ఏది సరైనదో తేల్చుకోవడం, దాన్ని జీతం, ప్రమోషన్ లాంటి వాటికంటే ముందు పెట్టడం, చివరికి చేసి చూపడం. మన కాలేజీల్లో పాఠమంతా రెండోదాని మీదే నడుస్తుంది. నీతి తత్వవేత్తలు కాంట్, బెంథామ్, తేడాలు రాయుము, 10 మార్కులు. మనుషులు దొరికిపోయేది మాత్రం మొదటి దగ్గర, మూడో దగ్గర. కాబట్టి పేపరు తీసేయడం కాదు, చెప్పే తీరు మార్చాలి.

ఫోర్డ్ పింటో కారు గుర్తుందా? పెట్రోలు ట్యాంకు వెనక యాక్సిల్ వెనకాల ఉండేది, వెనకనుంచి గుద్దితే అంటుకునేది. 1973లో ఫోర్డులో రీకాల్ (లోపమున్న కార్లను వెనక్కి పిలిపించడం) విభాగం చూసింది డెన్నిస్ జోయా. తర్వాత ప్రొఫెసరై 1992లో తన నిర్ణయాల్నే విప్పి రాశాడు. రీకాల్‌కు రెండు గీటురాళ్లు: ఎక్కువసార్లు జరగాలి, కారణం సూటిగా తేలాలి. పింటో ఫైలు రెంటికీ అందలేదు, రీకాల్ వద్దని తనూ ఓటేశాడు. అప్పుడది నైతిక ప్రశ్నలాగే తోచలేదట. ఫోర్డు రీకాల్ చేసింది 1978లో.

తులసికోట:
మాస్టారూ, అది నా వైపు సాక్ష్యం! ఆయనా ఎంబీఏనే, ఆదర్శాలున్నవాడే. ఏం లాభం?

నల్లబల్ల:
లాభం ఏమిటంటే జబ్బు ఎక్కడుందో తెలిసింది. మనిషి చెడ్డవాడు కాదు, ఫారమ్‌లో ఆ గడి లేదు. 'సంఖ్య తక్కువైనా మనిషి ప్రాణం పోయే అవకాశం ఉందా' అని ఒక గడి పెడితే ఫైలు ఇంకో దారిన వెళ్లేది. క్లాసులో నేర్పాల్సింది ఆ గడులు పెట్టడం.

చెరువుగట్టు:
డబ్బు కనిపిస్తే అందరూ అంతే. గడులు, ఫారమ్‌లు ఎందుకు దండగ.

పద్దుచిట్టా:
అందరూ అంతే అయితే సత్యం లాంటివి వారానికొకటి బయటపడేవి. రామలింగరాజు ఉత్తరంలోనే ఉంది చూడండి: అసలు లాభానికి, పుస్తకాల్లో లాభానికి మొదట చిన్న తేడా. ఏటా పెరిగి 2008 సెప్టెంబర్ త్రైమాసికానికి చూపిన నిర్వహణ లాభం 649 కోట్లు, నిజానికి 61 కోట్లు. దిగితే తినేస్తుందన్న భయంతో చేసే పులి స్వారీ అని ఆయన అన్నది ఊరికే కాదు. మొదటి త్రైమాసికంలో దిగడానికి నిచ్చెన కూడా అక్కర్లేదు.

కోరం:
కంపెనీ సెక్రటరీ పని వైపు నుంచి రెండు సవరణలు. తులసికోట గారూ, స్వతంత్ర డైరెక్టర్లు (యాజమాన్యంతో సంబంధం లేని బోర్డు సభ్యులు) దొంగ పద్దులు తెలిసి ఊరుకున్నారన్నట్టు రాయకండి. వాళ్ల ముందున్నది మేటాస్ ప్రతిపాదన. అడగాల్సినవి అక్కడే ఉన్నాయి: సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూములెందుకు, ధర కట్టిందెవరు, సంబంధీకులు కానివాళ్లను అడిగారా. అది నీతి కంటే ముందు మామూలు జాగ్రత్త.

రెండోది, అప్పుడూ నియమాలున్నాయి. స్టాక్ ఎక్స్ఛేంజీతో చేసుకునే లిస్టింగ్ ఒప్పందంలో క్లాజ్ 49 ఉంది, కానీ విజిల్ బ్లోయర్ (లోపలి తప్పు బయటపెట్టే ఉద్యోగి) ఏర్పాటు అందులో ఐచ్ఛికం. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 177 దాన్ని లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి చేసింది, అవసరమైతే ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కే నేరుగా చెప్పొచ్చు. సెక్షన్ 143(12) కింద కోటి రూపాయలు, అంతకు మించిన మోసం అనుమానిస్తే ఆడిటర్ రెండు రోజుల్లో బోర్డుకో ఆడిట్ కమిటీకో రాయాలి, 45 రోజులు జవాబు కోసం చూడాలి, ఆపై 15 రోజుల్లో కేంద్రానికి పంపాలి. స్వతంత్ర డైరెక్టర్‌కు తీరని సందేహం ఉంటే మినిట్స్‌లో (బోర్డు సమావేశపు నమోదులో) రాయించమని అదే చట్టం షెడ్యూల్ 4 చెబుతుంది. ఎథిక్స్ క్లాసులో ఈ షెడ్యూల్ చదివించే కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

తులసికోట:
సరే, కొంత దిగుతాను. విడి పేపరు వద్దు, ఆడిటింగులోనూ కంపెనీ లాలోనూ కలిపేద్దాం.

నల్లబల్ల:
అప్పుడు సేల్స్ వాళ్లకు, హెచ్‌ఆర్ వాళ్లకు ఎవరు చెబుతారు? సత్యంలో ఆరు వేలకు పైగా దొంగ ఇన్‌వాయిస్‌లు పుట్టాయని ఎస్‌ఈసీ లెక్క. అవి ఆడిటర్ బల్ల మీద పుట్టలేదు. విడి పేపరు ఉంచి, కేసును డిసెంబర్ 16 ఉదయం దగ్గర ఆపేయండి. తర్వాత ఏమైందో చెప్పొద్దు. బోర్డు నోటు ఆరుగురికి పంచి అరగంట ఇవ్వండి, ఒకరికి ఛైర్మన్‌ను తొందరపెట్టే పాత్ర. ముగింపు ముందే తెలిస్తే అందరూ హరిశ్చంద్రులే.

పద్దుచిట్టా:
అది బాగుంది. పరీక్షకు నా ప్రశ్న తీసుకోండి: బ్యాంకు జవాబు కవరు కంపెనీ గుమస్తా తెచ్చిచ్చాడు. సంతకాలు రేపే అని సీనియర్ అన్నాడు. ఇప్పుడు మీరు పంపే ఈమెయిల్ 80 మాటల్లో రాయండి.

తులసికోట:
మార్కులు ఎలా వేస్తారు?

పద్దుచిట్టా:
ముందు సీసీలో ఎవరిని పెట్టాడో చూస్తాను.