గొప్ప కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ ఎవరు? టైటిళ్లు లెక్కపెడితే సరిపోతుందా?

గోధుమచేను (కాన్సస్):
నిన్న రాత్రి మా ఇంట్లో భోజనాల దగ్గర మొదలైన గొడవను ఇక్కడికి తెస్తున్నాను. వచ్చిన మిత్రులందరిదీ ఒకటే మాట: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో (కోడిగుడ్డు ఆకారం బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట, మన ఫుట్‌బాల్ కాదు) నిక్ సేబన్‌ను మించిన కోచ్ లేడు, ఏడు జాతీయ టైటిళ్లు గెలిచాడు, ఇంకా వాదన ఎందుకని. నేను ఒప్పుకోను. నాకు బిల్ స్నైడర్ ముందు.

1989లో ఆయన కాన్సస్ స్టేట్ యూనివర్సిటీకి కోచ్‌గా వచ్చేనాటికి, ఆ జట్టు అంతకుముందు రెండు సీజన్లలో ఒక్క మ్యాచ్ గెలవలేదు. ఒకటి డ్రా, మిగతావన్నీ ఓటములు. ఆ సెప్టెంబరు 30న నార్త్ టెక్సాస్‌పై ఆఖరి క్షణంలో టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి గీత దాటించడం) చేసి 20–17తో గెలిచారు. ఆ ఏడాది మొత్తానికి అదొక్కటే గెలుపు. మరుసటి ఏడు ఐదు, ఆపై ఏడు. 1998 రెగ్యులర్ సీజన్‌లో పదకొండుకు పదకొండూ! మన్హాటన్ అనే ఆ చిన్న ఊరికి (న్యూయార్క్‌ది కాదండీ) పేరున్న కుర్రాడెవడూ కోరి రాడు. చవిటి నేలలో పంట తీసినవాడు గొప్పా, కాలువ కింద మాగాణిలో తీసినవాడు గొప్పా?

టస్కలూసా పూర్వ విద్యార్థి:
సేబన్ 2007లో టస్కలూసాలోని మా అలబామా యూనివర్సిటీకి వచ్చినప్పుడు ఆ మాగాణి నిండా కలుపే. మొదటి ఏడాది లూసియానా–మన్రో చేతిలో సొంత మైదానంలోనే 21–14తో ఓడారు.

నేను అక్కడ ఎమ్మెస్ చదివాను. 2018 జనవరిలో జార్జియాతో టైటిల్ మ్యాచ్ జరిగిన రాత్రి ఒకే గదిలో ఎనిమిది మందిమి టీవీ ముందు ఉన్నాం. విరామానికి 13–0తో వెనుకబడ్డాం. జట్టును రెండేళ్లుగా నడిపిస్తున్న క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) జేలెన్ హర్ట్స్ అప్పటికి ఓడింది రెండే మ్యాచ్‌లు. అతన్ని కూర్చోబెట్టి, మొదటి ఏడాది కుర్రాడు టువా టాగొవైలోవాను దింపాడు సేబన్. మా గదిలో ఒకడు లేచి వంటింట్లోకి వెళ్లిపోయాడు, చూడలేక. ఓవర్‌టైమ్‌లో టువా మొదట 16 గజాలు వెనక్కి పోగొట్టాడు. ఆ వెంటనే 41 గజాల పాస్, 26–23తో టైటిల్.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. లోకమంతా చూస్తుండగా పక్కన పెట్టిన హర్ట్స్ అలిగి వెళ్లిపోలేదు. అదే ఏడాది డిసెంబరులో మళ్లీ జార్జియాతోనే మ్యాచ్. టువాకు గాయమైంది, మేం 28–21తో వెనుకబడి ఉన్నాం. హర్ట్స్ దిగి 35–28తో గెలిపించాడు. ఇరవై ఏళ్ల కుర్రాడు ఏడాదంతా బెంచీ మీద కూర్చుని కూడా సిద్ధంగా ఉన్నాడంటే, అది కోచ్ పని కాదంటారా?

గోధుమచేను (కాన్సస్):
హర్ట్స్ పెంపకానికి కొంత వదిలిపెట్టండి, అంతా కోచ్ ఖాతాలో రాయకండి. అయినా మీ బెంచీ మీద కూర్చున్నవాడు మా ఊళ్లో అయితే రాజు.

టస్కలూసా పూర్వ విద్యార్థి:
మీ స్నైడర్ సొంత కాన్ఫరెన్స్ (ఏటా తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమి) బయట బలహీన జట్లనే ఏరుకుని ఆడించేవాడన్న విమర్శ గురించి కూడా రాయండి మరి.

గోధుమచేను (కాన్సస్):
నిజమే, ఏరుకున్నాడు. దాదాపు మూడేళ్లు గెలుపు మొహం చూడని జట్టుకు ముందు ఆ రుచి తెలియాలి కదా.

పీఈటీ మాస్టారు (గుంటూరు):
నాకు ఈ ఆట అంతంతమాత్రమే తెలుసు. కాలేజీ కోచ్‌కూ వృత్తి జట్టు కోచ్‌కూ తేడా ఏమిటి బాబూ?

టస్కలూసా పూర్వ విద్యార్థి:
మాస్టారూ, వృత్తి లీగ్‌లో కొత్త ఆటగాళ్లను డ్రాఫ్ట్‌లో వరుస ప్రకారం ఎంచుకుంటారు. ఇక్కడ కోచే పదిహేడేళ్ల పిల్లాడి ఇంటికి వెళ్లి, సోఫాలో కూర్చుని, వాళ్లమ్మ పెట్టింది తిని, మీ అబ్బాయిని నాకు అప్పగించండని అడగాలి. తిరగబడ్డ పెళ్లిచూపులు. అరవై ఏళ్ల పెద్దమనిషి వచ్చి మాటలు పడతాడు, పిల్లాడు ఫోను చూసుకుంటూ ఉంటాడు. సేబన్ కూడా వృత్తి జట్టు మయామీ డాల్ఫిన్స్‌తో రెండేళ్లలో 15 గెలిచి 17 ఓడాడు. ఆ పనీ ఈ పనీ ఒకటి కాదు.

గోధుమచేను (కాన్సస్):
నా మాటే మీరు చెబుతున్నారు! ఆటగాళ్లను తానే ఎంచుకునే వీలు పోగానే సేబన్ మామూలు కోచ్ అయిపోయాడు.

రెండో వరుస అమ్మ (డల్లాస్):
మా అబ్బాయి హైస్కూల్ జట్టులో ఆడతాడు. ఆగస్టు ఎండలో ప్రాక్టీసు చూస్తూ కూర్చునేదాన్ని కనుక నా లెక్క వేరు. అలబామాకే ఆరు టైటిళ్లు తెచ్చిన బేర్ బ్రయంట్, అంతకుముందు 1954లో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ పిల్లలను జంక్షన్ అనే ఊరికి తీసుకెళ్లి, కరువు ఎండల్లో మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పది రోజులు సాధన చేయించాడు. చాలామంది రాత్రికి రాత్రే పారిపోయారు. ఆ ఏడాది ఒకటి గెలిచి తొమ్మిది ఓడారు. రెండేళ్లకు ఒక్క ఓటమీ లేని సీజన్ వచ్చింది కాబట్టి దాన్ని ఇప్పటికీ వీరగాథలా చెప్పుకుంటారు. 2018లో మేరీలాండ్ యూనివర్సిటీ జట్టులో సాధన చేస్తూ జోర్డాన్ మెక్‌నైర్ వడదెబ్బతో కుప్పకూలాడు. చల్లటి నీళ్లలో ఉంచి ఒంటి వేడి దించలేదు. రెండు వారాలకు పోయాడు. పందొమ్మిదేళ్లు. పిల్లాడు ఆగిపోయినప్పుడు అది బద్ధకమా, ప్రమాదమా అని పోల్చుకోలేనివాడికి ఎన్ని కప్పులున్నా నేను మా అబ్బాయిని అప్పగించను.

పీఈటీ మాస్టారు (గుంటూరు):
అమ్మా, ఆ మాటకు నా ఓటు. ముప్పై ఏళ్లు ఈల ఊదాను. పిల్లవాడి పెదవులు చూస్తే తెలిసిపోతుంది.

లూసియానా గుమాస్తా:
ఎడ్డీ రాబిన్సన్ పేరు ఎవరూ ఎత్తలేదేమి? నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన గ్రాంబ్లింగ్ కాలేజీలో 1941 నుంచి 1997 దాకా ఉండి 408 మ్యాచ్‌లు గెలిచాడు. దక్షిణాది పెద్ద విశ్వవిద్యాలయాలు నల్లవారిని మైదానంలోకి రానివ్వని రోజుల్లో మొదలుపెట్టి, రెండు వందల మందికి పైగా ఆటగాళ్లను వృత్తి జట్లకు పంపాడు. మీ మాగాణి, చవిటి నేల వాదనలో ఈయనకు నేలే ఇవ్వలేదు.

గోధుమచేను (కాన్సస్):
గుమాస్తా గారూ, ఇక్కడ నేను వెనక్కి తగ్గుతున్నాను. రాబిన్సన్ ముందు, స్నైడర్ తర్వాత. సేబన్‌ను మాత్రం ఇంకా మూడో స్థానంలోనే ఉంచుతాను. స్నైడర్ మ్యాచ్ అయ్యాక ప్రత్యర్థి జట్టులో గాయపడిన పిల్లలకు ఊదా సిరాతో స్వయంగా ఉత్తరాలు రాసేవాడు, ఆ ఒక్క కారణం చాలు నాకు.

టస్కలూసా పూర్వ విద్యార్థి:
ఉత్తరాలకు టైటిల్ ఇవ్వరండీ. పైగా 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, జట్టు మారడమూ సులువైంది. ఇప్పుడైతే స్నైడర్ పెంచిన మొక్కలన్నీ రెండో ఏటికే పెద్ద జట్లు పీక్కుపోతాయి.

రెండో వరుస అమ్మ (డల్లాస్):
మీరు తేల్చుకునేలోపు మా వాడి కొత్త కోచ్‌ను చూసి వస్తాను. రేపు ఉదయం ఆరింటికి ప్రాక్టీసు. నీళ్ల విరామం ఎన్ని నిమిషాలకోసారి ఇస్తాడో గడియారం పెట్టి చూసి, ఇక్కడే రాస్తాను.