రిచ్‌మండ్ ఫుడ్ కోర్టులో చవగ్గా కాంటనీస్ భోజనం: కొత్తవాళ్లు ఏం అడగాలి?

సర్రే, కొత్త సభ్యుడు

అందరికీ నమస్కారం. కెనడాలో వాంకూవర్ పక్కనున్న సర్రేలో దిగి మూడు వారాలైంది. వారానికి రెండు రోజులు రిచ్‌మండ్‌లో పని. మధ్యాహ్నం వేడివేడిగా అన్నమో జావో తినాలనుంది. అక్కడి ఫుడ్ కోర్టుల్లో కాంటనీస్ కొట్ల ముందు బోర్డులు సగం చైనీస్‌లోనే ఉంటున్నాయి. కోడి, చేప, గుడ్డు తింటాను. గొడ్డు మాంసం, పంది మాంసం తినను. ఏం అడగాలి, బిల్లు ఎలా వేస్తారు? తెలిసినవాళ్లు చెప్పండి.

రిచ్‌మండ్, పాత సభ్యురాలు

తమ్ముడూ, సరైన ఊళ్లోనే పని దొరికింది నీకు. 1997లో హాంకాంగ్ చైనా చేతికి వెళ్లకముందు అక్కణ్ణుంచి చాలామంది ఇక్కడికి తరలివచ్చారు. ఇక్కడి మాల్స్, వాటిలోని ఫుడ్ కోర్టులు వాళ్ల కోసం పుట్టినవే. ఆబర్డీన్ స్టేషన్‌లో దిగితే ఆబర్డీన్ సెంటర్, పార్కర్ ప్లేస్ రెండూ నడక దూరమే. చివరి స్టేషన్ బ్రిగ్‌హౌస్‌లో దిగితే పబ్లిక్ మార్కెట్ దగ్గర.

ముందు కొట్టును చూసి అది ఏ రకమో గుర్తుపట్టు. గాజు అద్దం వెనక బాతులు, కోళ్లు వేలాడుతుంటే అది సియూ మేయ్ కొట్టు, అంటే కాల్చిన మాంసం. స్టీలు ట్రేల్లో కూరలు పరిచి ఉంటే రెండు కూరలన్నం. అన్నం మీద నువ్వు చూపించిన రెండు కూరలు వేస్తారు. పెద్ద గుండిగలోంచి ఆవిరి వస్తుంటే జుక్ (అంటే బియ్యపు జావ), నూడుల్స్. మెనూలో మకరోనీ, టోస్టు, పాల టీ కనిపిస్తే అది హాంకాంగ్ టీ కొట్టు రకం.

నీకు మొదటిరోజుకి సియూ మేయ్ కొట్టులో సీ యౌ కై అన్నం మంచిది. సోయా సాసు, పటికబెల్లం, అనాసపువ్వు వేసిన పులుసులో కోడిని ఉడికిస్తారు. కొంచెం తీపి ఉంటుంది, కారం ఉండదు. పక్కన అల్లం, ఉల్లికాడలు సన్నగా తరిగి ఉప్పు వేసి కాగిన నూనె పోసిన పచ్చడిలాంటిది ఇస్తారు. అది తప్పకుండా అడుగు, మన నాలుకకి ఆ అన్నం రుచి అంతా అందులోనే ఉంది. కాలు ముక్క కావాలంటే ముందే చెప్పు. కత్తి పడ్డాక మార్చమంటే బాగుండదు.

బిల్లు సంగతి. బోర్డు మీద 12.99 అని ఉంటే జీఎస్టీ 5 శాతం కలిపి 13.64 అవుతుంది. ఒక సెంటు నాణేలు ఇవ్వడం 2013లోనే ఆపేశారు కాబట్టి రొక్కం ఇస్తే 13.65, కార్డుకైతే 13.64. కొన్ని కొట్లు రొక్కమే తీసుకుంటాయి. జేబులో ఒక ఇరవై నోటు ఉంచుకో. కౌంటర్‌లో అడిగి తెచ్చుకునేచోట టిప్పు ఇవ్వనక్కర్లేదు. మెషీన్ అడిగితే ‘నో టిప్’ నొక్కు, ఎవరూ ఏమీ అనుకోరు.

బర్నబీ

అక్కా, మీరు పైన వేసే ముక్క గురించే చెప్పారు. మనవాళ్లు పొరపాటు పడేది అడుగున ఉండే రసం దగ్గర. ‘చికెన్ నూడుల్స్’ అని బోర్డు మీద రాసి ఉన్నా ఆ నీళ్లు సాధారణంగా పంది ఎముకలతో కాచినవే. వన్ తాన్ (పల్చటి పిండి పొరలో కూరు పెట్టి ఉడికించిన ముద్ద) నూడుల్స్ రసం కూడా ఎండు చేప, పంది ఎముకలు, ఎండు రొయ్యలతో కాస్తారు. ఆ వన్ తాన్‌లో రొయ్య కనిపిస్తుంది గానీ దాన్ని పట్టి ఉంచేది పంది ఖైమా.

టీ కొట్లలో సెట్ మీల్ తీసుకుంటే ‘ఎరుపా తెలుపా’ అని అడుగుతారు. సూప్ గురించి. ఎరుపు చూడ్డానికి టమాటా చారులా ఉంటుంది, క్యాబేజీ, క్యారెట్టు వేస్తారు. అది చాలాచోట్ల గొడ్డు ఎముకలతోనో తోకతోనో కాచింది. టమాటా చారే కదా అని తాగేస్తారు మనవాళ్లు. తెలుపు క్రీమ్ సూప్‌లో కొన్నిచోట్ల హామ్ ముక్కలుంటాయి. రెండింటినీ అడిగే తీసుకోవాలి.

రెండు మాటలు నేర్చుకుంటే చాలు. ‘యౌ మౌ న్గౌ?’ అంటే గొడ్డు ఉందా లేదా. ‘యౌ మౌ జ్యూ?’ అంటే పంది ఉందా లేదా. జవాబు ‘యౌ’ అంటే ఉంది, ‘మౌ’ అంటే లేదు. వేలితో గిన్నె చూపించి అడగండి. కూర గురించి ఒకసారి, రసం గురించి ఇంకోసారి. ఒకే ప్రశ్నలో రెండూ అడిగితే వాళ్లు కూరకే జవాబిస్తారు. చివర ‘ఎం గోయ్’ అనండి. దయచేసి అన్నా, థాంక్స్ అన్నా అదే మాట.

కోక్విట్లం

అన్నా, సియూ మేయ్ కొట్టు గురించి ఒక్క మాట చెప్పాలె. అక్కడ ఉండేది ఒకటే మొద్దు, ఒకటే కత్తి. బాతు కొట్టినంక దానిమీదనే పంది, దానిమీదనే నీ కోడి. గుడ్డతో ఒకసారి తుడుస్తరు, అంతే. అన్నం మీద పోసే పులుసు గూడ చాలాసార్లు బాతు, పంది రసాలు కలిసిందే. పంది ఆనవాలే వద్దనుకునేటోళ్లు ఈ కొట్టుకు పోకపోవుడే మంచిది. అంత పట్టింపు లేకపోతే ‘జౌ జప్’ అనుర్రి, పులుసు పొయ్యరు. అల్లం నూనెతోని అన్నం మంచిగనే దిగుతది.

శాకాహారులు ‘సిక్ జాయ్’, అంటే శాకాహారం తింట అంటరు గదా, అది ఒక్కటే సరిపోదు. మాంసం తీసేస్తరు గానీ ఆకుకూర మీద హౌ యౌ పోసి ఇస్తరు. అది ఆల్చిప్పల సాసు. ‘ఎం యియూ హౌ యౌ’ అని జోడించాలె. మాపో టోఫూ అంటే సోయా పనీర్ కూర, అండ్ల గూడ పంది ఖైమా ఉంటది. ఎక్స్‌ఓ సాసు అని కనిపిస్తే అందుల ఎండు రొయ్యలు, హామ్. మరి ఏం తినాలె అంటే, ఉట్టి చొంగ్ ఫన్. బియ్యప్పిండితోని పల్చటి పొర ఆవిరి మీద వండి చుట్టిస్తరు, పైన సోయా, నువ్వుల ముద్ద, తీపి సాసు, వేయించిన నువ్వులు. లోపల ఎండు రొయ్యలు చల్లిన రకం గూడ ఉంటది, చూసి తీసుకోవాలె. గుడ్డు తినేటోళ్లకు టమాటా గుడ్డు కూర అన్నం మనింటి కూర లెక్కనే ఉంటది, జరంత తీపి.

సర్రే, పాత సభ్యుడు

తిండి సంగతి అందరూ చెప్పారు. తిన్నాక మిగిలిన నూనె ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. కొత్తవాళ్లకి డబ్బు పోయేది అక్కడే.

మా సర్రేలోనే న్యూటన్‌లో ఒక బేస్‌మెంట్‌లో అద్దెకున్న కుర్రాడి సంగతి చెప్తాను. వారానికి మూడుసార్లు కాల్చిన బాతు అన్నం పార్సిల్ తెచ్చుకునేవాడు. డబ్బా అడుగున మిగిలిన పులుసు, కొవ్వు వేడి నీళ్లతో కలిపి సింక్‌లో పోసేవాడు. వేడి మీద అది పారినట్టే కనిపిస్తుంది. నాలుగడుగులు పోయాక గొట్టం చల్లగా ఉంటుంది కదా, అక్కడ పేరుకున్న నెయ్యిలా గడ్డకడుతుంది. దానికి మెతుకులు అతుక్కుంటాయి. నాలుగు నెలలకి సింక్ నిండి మురికి నీళ్లు వెనక్కి తన్నాయి. ప్లంబర్ వచ్చి తీసిన ముద్ద కొవ్వొత్తిలా ఉందట. ఇంటి ఓనర్ ఆ బిల్లు పక్కన పెట్టి, గోడకి రంగు, కార్పెట్ వాసన అని ఇంకేవేవో కలిపి, ఖాళీ చేసే రోజున డిపాజిట్ మొత్తం ఉంచేసుకున్నాడు. కుర్రాడు ఏదీ కాగితం మీద పెట్టలేదు. దిగేటప్పుడు గదులు తిరిగి చూసి రాసుకునే రిపోర్టు కూడా లేదు. రెండు నెలలు ఫోన్లు చేసి విసిగిపోయాడు.

రూల్ ఇదీ. డిపాజిట్ సగం నెల అద్దెకి మించకూడదు. ఖాళీ చేసి, కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇచ్చాక 15 రోజుల్లో ఓనర్ డబ్బు తిరిగివ్వాలి, లేదా అద్దె తగాదాలు చూసే రెసిడెన్షియల్ టెనెన్సీ బ్రాంచ్‌లో క్లెయిమ్ వెయ్యాలి. రెండూ చెయ్యకపోతే రెట్టింపు ఇచ్చుకోవాలి. ఆ కుర్రాడు చివరికి అడ్రసు రాసిచ్చాక, అప్పుడు మొదలైంది లెక్క.

బర్నబీ

అన్నయ్యా, రూల్ సరైనదే గానీ అందరికీ వర్తించదు. ఓనర్‌తో కలిసి ఒకే వంటిల్లో, ఒకే బాత్రూమో వాడుకుంటుంటే ఆ అద్దె చట్టం కిందికే రారు. మనవాళ్లు గది అద్దెకి తీసుకునేది ఎక్కువగా అలాంటిచోట్లే. వాళ్లు వెళ్లాల్సింది సివిల్ రిజల్యూషన్ ట్రిబ్యునల్‌కి, 5,000 డాలర్ల దాకా అక్కడ తేలుతుంది. ఓనర్ వంటింట్లో వండుకుంటూ ‘రెట్టింపు ఇవ్వాలి’ అని దెబ్బలాటకి దిగకండి.

సర్రే, పాత సభ్యుడు

నేను చెప్పింది వేరే వంటిల్లున్న బేస్‌మెంట్ గురించే. అది రాయకపోవడం నా పొరపాటు, ఒప్పుకుంటాను. నూనె సంగతి మాత్రం ఎవరికైనా ఒకటే. డబ్బాని పేపర్ టవల్‌తో తుడిచి, ఆ కాగితం గ్రీన్ బిన్‌లో (తడి చెత్త డబ్బాలో) వెయ్యండి. ఆ తర్వాతే కడగండి.

రిచ్‌మండ్, పాత సభ్యురాలు

పార్సిల్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. మధ్యాహ్నం తెచ్చిన అన్నం ఆఫీసు బల్ల మీద సాయంత్రం దాకా ఉంచి తినకు తమ్ముడూ. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టు. వండిన అన్నంలో పెరిగే ఒక బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. మన చద్దన్నం నీళ్లలో పులిసిన అన్నం, ఇది వేరు.

ఇప్పుడు జుక్. నువ్వు జావ అన్నావు కదా, నీకు కావలసింది ఇదే. బియ్యానికి పదింతలో పన్నెండింతలో నీళ్లు పోసి గంటన్నర దాకా ఉడికిస్తారు. మెతుకు పువ్వులా విచ్చుకుని నీళ్లలో కలిసిపోతుంది. చేప ముక్కల జుక్ అడుగు. పచ్చి చేపని పల్చగా కోసి గిన్నె అడుగున వేసి, మరిగే జుక్ పైన పోస్తారు. ఆ వేడికే ముక్క తెల్లబడి ఉడుకుతుంది. పైన సన్నటి అల్లం పోగులు, ఉల్లికాడలు, తెల్ల మిరియాల పొడి. రాగానే మధ్యలో చెంచా దింపకు, నాలుక కాలుతుంది. మన వేడి జావలాగే అంచుల నుంచి తీసుకుంటూ రావాలి.

పక్కన యౌ చా క్వాయ్ ఒకటి తీసుకో, అది పొడుగ్గా నూనెలో వేయించిన పిండి కడ్డీ. తుంచి ఒక్కో ముక్కా నోట్లో పెట్టుకునే ముందు ముంచు. అంతా ఒకేసారి వేస్తే నానిపోయి బజ్జీ పిండిలా అవుతుంది. జుక్‌లోనూ కొన్నిచోట్ల పంది ఎముకల నీళ్లు పోస్తారు, ‘యౌ మౌ జ్యూ’ అడగడం మర్చిపోకు. ‘పాక్ జుక్’ అంటే ఉట్టి తెల్ల జుక్. జ్వరం వచ్చినరోజు అదే తీసుకో, మీద ఆవకాయ ఊట ఒక చుక్క వేసుకుంటే ఇంకేం అక్కర్లేదు.

ఇంట్లోనూ చేసుకోవచ్చు. కప్పు బియ్యం కడిగి చెంచాడు నూనె, కాస్త ఉప్పు పట్టించి రాత్రి ఫ్రీజర్‌లో పెట్టు. గడ్డకట్టినప్పుడు గింజ లోపల పగుళ్లు వస్తాయి. పొద్దున పది కప్పుల మరిగే నీళ్లలో వేస్తే అరగంటలో విచ్చుకుంటుంది. అడుగంటకుండా మొదటి పది నిమిషాలు కలుపుతూ ఉండాలి.

సర్రే, కొత్త సభ్యుడు

అందరికీ చాలా థాంక్సండీ. రెండే సందేహాలు. స్కైట్రైన్‌లో, అంటే ఇక్కడి మెట్రో రైల్లో వెళ్తుంటే టికెట్ ఎక్కువ పడుతోంది. ఇంకోటి, పాల టీ మన టీలా ఉంటుందా?

కోక్విట్లం

రైలుల డౌన్‌టౌన్ దాకా పోయి మారుతున్నవా తమ్మీ? అందుకే మూడు జోన్ల టికెట్ పడుతది. న్యూటన్ ఎక్స్ఛేంజ్ నుంచి 301 బస్సు నేరుగ బ్రిగ్‌హౌస్‌కు పోతది. బస్సుకు ఎప్పుడైనా ఒకటే జోన్. పని రోజుల్ల సాయంత్రం ఆరున్నర దాటినంక, శని ఆదివారాలు రైలుకు గూడ ఒకటే జోన్.

టీ మాత్రం మన టీ గాదు. అల్లం, ఇలాయచి ఏమీ ఉండదు. ముదురు డికాక్షన్ గుడ్డ సంచిల మళ్లమళ్ల వడగట్టి, చిక్కగ కాచిన డబ్బా పాలు పోస్తరు. వేడిదైతే చక్కెర నువ్వే కలుపుకోవాలె. చల్లది అడిగితే తీపి కలిపే వస్తది, సెట్ మీల్‌ల దానికి వేరే పైసలు తీసుకుంటరు. తీపి తగ్గాల్నంటే ‘సియూ తిమ్’ అను. సాయంత్రం తాగితే నిద్ర పట్టదు, అంత కడక్ ఉంటది.

బర్నబీ

ఇంకొకటి, పాక్ చిత్ కై అనే తెల్ల కోడి తీసుకుంటే ఎముక దగ్గర ఎర్రగా కనిపించొచ్చు. కోడిని మరిగీ మరగని నీళ్లలో ఉంచి, వెంటనే ఐసు నీళ్లలో వేస్తారు, చర్మం బిగుసుకోవడానికి. ఎముకలోని మూలుగ రంగు అలా మిగులుతుంది. ఎముక ఎర్రగా ఉండి మాంసం తెల్లగా, గట్టిగా ఉంటే ఇబ్బంది లేదు. మాంసమే గులాబీ రంగులో జారుడుగా ఉంటే వెనక్కిచ్చి వేరే ముక్క అడగండి.

సర్రే, కొత్త సభ్యుడు

అర్థమైందండీ. గురువారం 301లో వెళ్తున్నాను. చేప జుక్, ఒక యౌ చా క్వాయ్. ‘యౌ మౌ జ్యూ’ చేతి మీద రాసుకున్నాను.