“నువ్వు తవ్వు” కాదు, “నువ్వు తవ్వేవాడివి”

అందరికీ నమస్కారం. ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ సినిమా చివర వచ్చే “యూ డిగ్” అనే మాటను తెలుగులో ఎలా చెప్పాలని పోయిన వారం ఒక సభ్యురాలు అడిగారు. “నువ్వు తవ్వు” అంటే సరిపోతుంది కదా అని చాలామంది జవాబిచ్చారు. నాకు ఆ జవాబు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో రెండు ముక్కల్లో చెప్పడం కుదరక విడిగా రాస్తున్నాను.

చూడనివారి కోసం కథ కొంచెం చెబుతాను. సెర్జియో లియోనే 1966లో తీసిన ఇటలీ సినిమా ఇది. కథ జరిగేది అమెరికా అంతర్యుద్ధ కాలంలో. రెండు లక్షల డాలర్ల బంగారం ఒక శ్మశానంలో పూడ్చిపెట్టి ఉంది. ఏ శ్మశానమో టూకో అనేవాడికి తెలుసు, ఏ సమాధో అతని పాత భాగస్వామి బ్లాండీకి తెలుసు. ఒకడు చస్తే రెండోవాడికి చిల్లిగవ్వ దక్కదు. అందుకే బ్లాండీని ఎడారిలో ఎండకు మాడ్చి చంపబోయిన టూకోనే, అతనికి సమాధి పేరు తెలిసిందని తెలియగానే బతికించమని ప్రాధేయపడతాడు. ఏంజెల్ ఐస్ అనే మూడోవాడూ ఆ బంగారం కోసమే తిరుగుతుంటాడు.

చివరికి శ్మశానంలో ముగ్గురూ ఎదురెదురుగా నిలబడతారు. ఏంజెల్ ఐస్ చచ్చి గోతిలో పడతాడు. టూకో పిస్తోలు పేలదు. అందులోని తూటాలను ముందు రాత్రే బ్లాండీ తీసేశాడు. అప్పుడు బ్లాండీ తాపీగా అంటాడు: లోకంలో మనుషులు రెండు రకాలు, తూటాలున్న పిస్తోలు ఉన్నవాళ్ళు, తవ్వేవాళ్ళు. ఆ వెంటనే ఇంగ్లీషులో రెండే మాటలు: “యూ డిగ్.”

ఇంగ్లీషులో ఈ రెండు మాటలూ ఆజ్ఞ కావచ్చు, ఉన్న సంగతి చెప్పడమూ కావచ్చు. క్రియ రూపం రెండింటికీ ఒకటే. ఇటాలియన్‌లో ఆ సందేహానికి చోటు లేదు. అక్కడ బ్లాండీ అనేది “తు స్కావి”. ఆజ్ఞ అయితే “స్కావా” అనాలి. చివరి అచ్చు ఒక్కటి మారింది, దానితో అది ఆజ్ఞ కాకుండా తీర్పు అయింది. తవ్వమని చెప్పడం లేదు, నువ్వు ఏ రకం మనిషివో చెబుతున్నాడు. తవ్వడం దానంతట అదే జరుగుతుంది.

మన “నువ్వు తవ్వు”లో ఈ తీర్పు లేదు. పొలం గట్టు మీద నిలబడి కూలి మనిషికి పని పురమాయించినట్టుంటుంది. “నువ్వు తవ్వుతావు” అంటే జోస్యంలా ఉంది. తెలుగులో దీనికి అచ్చంగా సరిపోయే రూపం “తవ్వేవాడివి”.

దాన్ని ఒకసారి విడదీసి చూడండి. తవ్వే, వాడు, చివర ‘ఇవి’. నేనైతే తవ్వేవాణ్ణి, నువ్వైతే తవ్వేవాడివి, అతనైతే తవ్వేవాడు. నామవాచకానికే నేను, నువ్వు అనే తేడా అంటుకోవడం తెలుగుకు ఉన్న గొప్ప సౌకర్యం. ఇంగ్లీషుకు మధ్యలో ‘ఆర్’ కావాలి, హిందీకి ‘హో’ కావాలి. మనకు ఏదీ అక్కర్లేదు. మనిషికీ అతని పనికీ మధ్య ఇంకో మాట దూరే సందే లేదు. “పేదవాడివి”, “చదువుకున్నవాడివి” అని రోజుకు పదిసార్లు అంటుంటాం కాబట్టి ఆ బలం మనకు కనబడదు.

ఇంగ్లీషులో బ్లాండీ ఆ మాటల మధ్య “మై ఫ్రెండ్” అని కూడా అంటాడు. దానికి కొందరు “మిత్రమా” అని రాశారు. డబ్బింగ్ సినిమాల్లో తప్ప మనలో ఎవరు ఎవరిని మిత్రమా అని పిలుస్తారు? ఇటాలియన్ వాక్యం “వేది” అని మొదలవుతుంది, అంటే “చూడు”. మనకు “చూడు నాయనా” ఉండనే ఉంది. కోపం చూపకుండా ఎదుటివాడి మెడలు వంచేటప్పుడు పెద్దవాళ్ళు వాడే మాట అది. ఇక్కడ అతికినట్టు సరిపోతుంది.

ఇంకో సంగతి. ఈ “రెండు రకాల మనుషులు” అనే మాట అసలు బ్లాండీది కాదు, టూకోది. ఇద్దరూ కలిసి ఒక మోసం నడుపుతుంటారు. టూకో తల మీద ఉన్న బహుమతి కోసం బ్లాండీ అతన్ని పట్టి ఇస్తాడు, ఉరి తీసే వేళకు దూరం నుంచి తాడును కాల్చి తెంపుతాడు, సొమ్ము ఇద్దరూ పంచుకుంటారు. అప్పుడు టూకో అంటాడు: మెడకు ఉరితాడున్నవాడొకడు, దాన్ని తెంపేవాడొకడు, మెడ నాది కాబట్టి నాకు ఎక్కువ వాటా రావాలి. ఆ మాటే చివరికి బ్లాండీ నోట తిరిగొచ్చి టూకో మీద పడుతుంది. అనువాదంలో ఈ రెండు చోట్లా వాక్యం ఒకే అచ్చులో ఉండకపోతే ఆ దెబ్బ ప్రేక్షకుడికి తగలదు.

ఇక సినిమా పేరు. ఇటాలియన్‌లో “ఇల్ బ్వోనో, ఇల్ బ్రుత్తో, ఇల్ కత్తీవో”. అంటే మంచివాడు (బ్లాండీ), అనాకారి (టూకో), చెడ్డవాడు (ఏంజెల్ ఐస్). ఇంగ్లీషులో చివరి రెండూ తారుమారయ్యాయి. ఆ తారుమారులో అమెరికా ట్రైలర్‌లో ఏంజెల్ ఐస్‌ని అనాకారి అనీ టూకోని చెడ్డవాడు అనీ చూపించారు! ‘కత్తీవో’ పుట్టింది లాటిన్‌లో బందీ అనే అర్థమున్న మాట నుంచి. సైతానుకు చిక్కినవాడు చెడ్డవాడన్నమాట. ‘అగ్లీ’కి కురూపి, వికారి అని కూడా రాశారు. నా ఓటు అనాకారికే. కురూపి పుస్తకాల మాట, అనాకారి ఇళ్ళలో తిరిగే మాట.

అయితే ఈ పేర్లు ఆ మనుషులకు నిలుస్తాయా? ఏంజెల్ ఐస్ ఒకడి దగ్గర 500 డాలర్లు తీసుకుని మరొకడి ఇంటికి వస్తాడు. బల్ల దగ్గర కూర్చుని ఆ ఇంటి తిండే తింటాడు. కావలసిన సంగతి రాబడతాడు. ప్రాణభయంతో ఇంటాయన 1000 డాలర్లు బల్ల మీద పెడతాడు. అవీ తీసుకుని, ఒకసారి సొమ్ము పుచ్చుకున్నాక పని పూర్తి చేయకుండా వదలనని అతన్ని చంపుతాడు. తర్వాత వెళ్ళి పంపినవాణ్ణీ చంపుతాడు, వెయ్యి డాలర్లు అందుకేనట. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేశాడు, కానీ ఒప్పుకున్న మాట ఒక్కటీ తప్పలేదు. భాగస్వామి టూకోని ఎడారిలో వదిలేసి వెళ్ళిన బ్లాండీ మాత్రం ‘మంచివాడు’.

భర్తృహరి శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు, “ఆరంభింపరు నీచమానవులు” పద్యం గుర్తుంది కదా. అక్కడా మనుషులు మూడు రకాలే. కానీ కవి నీచులు, మధ్యములు, ధీరులు అని పేర్లు పెట్టి ఊరుకోలేదు. ప్రతి పేరుకూ ఒక క్రియ ఇచ్చాడు: ఆరంభింపరు, పరిత్యజింతురు (విడిచిపెడతారు), ఉజ్జగింపరు (వదలరు). ఎవడు ఏమిటన్నది వాడు చేసే పనే చెప్పాలి. “తవ్వేవాడివి” నాకు నచ్చడానికి అసలు కారణం కూడా ఇదే.

వ్యాఖ్య: బాగుంది మాస్టారూ. కానీ “తవ్వేవాడివి” పొడుగైపోయింది. “యూ డిగ్” తుపాకీ పేలినట్టుంటుంది, ఇది ఆ వేగంతో పేలదు.

జవాబు: నిజమేనండీ, పొడుగే. కానీ ముందు వాక్యం “తవ్వేవాడు” దగ్గర ఆగితే, రెండోసారి అదే మాట వచ్చినప్పుడు చెవి దానికోసం సిద్ధంగా ఉంటుంది. ఇటాలియన్‌లోనూ “స్కావా” (ఇక్కడ ఆజ్ఞ కాదు, ‘తవ్వేవాడు’ అనే చోట వచ్చే క్రియ) తర్వాతే “స్కావి” వస్తుంది. పైకి చదివి చూడండి.

వ్యాఖ్య: మనుషులు రెండు రకాలు అన్నాక “వాళ్ళు” అని బహువచనం రావాలి కదండీ? పైగా “వాడు” అంటే ఆడవాళ్ళు లోకంలో లేనట్టే అవుతుంది. ఆడమనిషితో అయితే “తవ్వేదానివి” అనాలి.

జవాబు: మీ రెండు మాటలూ ఒప్పుకుంటున్నానమ్మా. మనుషులందరికీ వర్తించే వాక్యంగా చూస్తే “వాళ్ళు” అనడమే సరి. కానీ శ్మశానంలో మిగిలింది ఇద్దరు మగవాళ్ళే, కాబట్టి “వాడొకడు, వాడొకడు” అని లెక్కపెట్టినట్టు చెబితే రెండు వేళ్ళు ఇద్దరినీ చూపిస్తాయి.

వ్యాఖ్య: సైనికుల దుమ్ము ఘట్టం గురించి కూడా రాయవలసింది. మన “అసలు రంగు బయటపడటం” దానికి సరిగ్గా సరిపోతుంది.

జవాబు: భలే గుర్తు చేశారు! టూకో, బ్లాండీ ఇద్దరూ దక్షిణాది సైన్యపు బూడిద రంగు బట్టల్లో ఉంటారు. దూరంగా బూడిద రంగు దళం రావడం చూసి టూకో దక్షిణాది సేనాని జనరల్ లీకి జేజేలు కొడతాడు. దళాధికారి ఆగి చొక్కా చేతి మీద దుమ్ము దులుపుకుంటాడు. కింద ఉత్తరాది నీలం! మన జాతీయం అక్షరాలా కళ్ళ ముందు జరుగుతుంది. అక్కడ ఎవరు అనువదించినా ఈ మాట వదులుకోకూడదు.

వ్యాఖ్య: ఇంతకీ మొత్తం వాక్యం ఒక్కచోట రాయండి మాస్టారూ, దాచుకుంటాం.

జవాబు: “చూడు నాయనా, లోకంలో మనుషులు రెండు రకాలు. పిస్తోలులో తూటాలున్నవాడొకడు, తవ్వేవాడొకడు. నువ్వు తవ్వేవాడివి.” దీని తర్వాత టూకో నేనెందుకు తవ్వాలని అడగడు. “ఎక్కడ?” అని మాత్రం అడుగుతాడు. ఆ ప్రశ్న “తవ్వేవాడివి” అన్నదానికే జవాబుగా అమరుతుంది.