అప్‌డేట్: రింగులు మార్చినా ఆగని నీలం పొగ ఆగింది

పాత పెట్రోల్ వ్యాన్ ఇంజిన్‌కి కొత్త పిస్టన్ రింగులు (పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య సందు మూసేవి) వేశాక కూడా నీలం పొగ వస్తోంది, ఆయిల్ తాగేస్తోంది అని అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. స్పార్క్ ప్లగ్గు రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి) మళ్ళీ చూడమన్న మాటే పనికొచ్చింది. మూడో సిలిండర్‌లో రీడింగ్ బాగా పెరిగింది. ఆయిల్ రింగుల దగ్గర సందు మూయడం వల్లే పెరిగింది, అంటే గాలి రింగుల పక్క నుంచే పోతోంది. మెకానిక్ విప్పితే రెండో రింగు తిరగబడి ఉంది! చుక్క గుర్తు పైకి ఉండాలి, నేను కిందికి పెట్టాను. ఇంకెవర్నని ఏం లాభం? పైగా బోర్ (సిలిండర్ లోపలి) గోడలు అద్దంలా మెరుస్తున్నాయి. హోనింగ్ (కొత్త రింగులు కుదురుకునేలా గోడల మీద సన్నటి గీతలు పడేట్టు రుద్దడం) చేయకుండానే బిగించేశాను మరి. హోన్ చేయించి, కొత్త సెట్ వేసి, రింగుల నోళ్ళు (చివరల మధ్య ఖాళీలు) ఒకే వరసలో రాకుండా తిప్పి పెట్టాం. మధ్యలో నేను మార్చిన వాల్వ్ సీల్స్, పోసిన చిక్కటి ఆయిల్ రెండూ దండగే.