తొంభై దాటిన జడ్జిని తోటి జడ్జీలే పక్కన పెట్టొచ్చా?

గట్టుమీద గువ్వ:
అమెరికాలో ఫెడరల్ జడ్జికి రిటైర్మెంట్ వయసంటూ లేదు. చనిపోవాలి, తనంతట తాను తప్పుకోవాలి, లేదా అమెరికా కాంగ్రెస్ అభిశంసించి తీసెయ్యాలి. అప్పటిదాకా కుర్చీ కదలదు. మరి ఆ జడ్జికి మతి తప్పుతోందని పక్క గదుల్లో కూర్చునే జడ్జీలకే అనుమానం వస్తే? పాలిన్ న్యూమన్ కేసు చదివినప్పటి నుంచి రెండు రోజులుగా ఇదే బుర్రలో తిరుగుతోంది.

తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. ఆవిడ 1927లో న్యూయార్క్‌లో పుట్టారు. 1952లో యేల్‌లో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేశారు. కంపెనీ ల్యాబులో సైంటిస్టుగా మొదలుపెట్టి, ఎఫ్‌ఎంసీ అనే కెమికల్ కంపెనీలో పేటెంట్ల పనికి మారి, ముప్పై ఏళ్లు అక్కడే ఉన్నారు. మధ్యలో 1958లో లా డిగ్రీ, కొన్నాళ్లు పారిస్‌లో యునెస్కో ఉద్యోగం. 1984లో రీగన్ ఆవిడను ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టుకు పంపారు. అప్పటికి ఆ కోర్టు పుట్టి రెండేళ్లే. ఉన్న కోర్టుల నుంచి బదిలీ కాకుండా నేరుగా అక్కడికే నియమితులైన మొదటి జడ్జి ఆవిడే. దేశంలో పేటెంట్ కేసు ఏ జిల్లా కోర్టులో నడిచినా అప్పీలు వచ్చేది అక్కడికే.

2023 ఏప్రిల్‌లో, చీఫ్ జడ్జి కింబర్లీ మూర్ ఆవిడ మీద విచారణ మొదలుపెట్టారన్న సంగతి బయటికొచ్చింది. తీర్పులు రాయడంలో విపరీతమైన ఆలస్యం, మరుపు, తన ఫోన్లు కంప్యూటర్లు ఎవరో హ్యాక్ చేస్తున్నారనడం, ఇవీ ఆరోపణలు. ముగ్గురు జడ్జీల కమిటీ వేశారు. అందులో మూర్ కూడా ఒకరు. మేం చెప్పిన డాక్టర్ల దగ్గర పరీక్ష చేయించుకోండి, మెడికల్ రికార్డులు ఇవ్వండి అన్నారు. ఆవిడ ససేమిరా అన్నారు. సహకరించలేదన్న కారణంతో ఆ సెప్టెంబరులో ఏడాదిపాటు కొత్త కేసులు ఇవ్వకూడదని నిర్ణయించారు. 2024లో ఇంకో ఏడాది. 2025లో మరో ఏడాది.

మతి తప్పిందని ఎవరూ తేల్చలేదు, అది గమనించండి. పరీక్షకు రాలేదన్నదే తప్పు. ఫిర్యాదు వాళ్లదే, విచారణ వాళ్లదే, సాక్షులు ఆ కోర్టు సిబ్బందే, శిక్షా వాళ్లదే. నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తోంది. మీరేమంటారు?

డల్లాస్ దోసె:
జాలి వేరు, కోర్టు వేరు బ్రదర్. నేను ఇక్కడ ఒక కంపెనీ పేటెంట్ విభాగంలో పనిచేస్తాను. అప్పీలు తీర్పు రావడం లేటయితే ఏమవుతుందో బయటివాళ్లకు తెలియదు. ప్రొడక్టు వదలాలా వద్దా, ఫ్యాక్టరీలో లైను వెయ్యాలా వద్దా, ఏదీ తేలదు. జడ్జిగారి గది తలుపు వెనక ఫైలు నెలల తరబడి పడుంటే బయట వందమందికి టెన్షన్.

పైగా ఆవిడకు మర్యాదగా తప్పుకునే దారి ఎప్పుడో ఉంది. వయసు, సర్వీసు కలిపి ఒక లెక్కకు చేరితే సీనియర్ జడ్జిగా మారొచ్చు. పని తగ్గుతుంది, గౌరవం తగ్గదు, ఆ సీటులోకి కొత్తవాళ్లు వస్తారు. పాతికేళ్ల కిందటే ఆ అర్హత వచ్చినా ఆవిడ తీసుకోలేదు. సస్పెన్షన్‌లో జీతం కూడా ఆగలేదు. 2024లో సర్క్యూట్ జడ్జి, అంటే ఫెడరల్ అప్పీలు కోర్టు జడ్జి జీతం ఏడాదికి 2,57,900 డాలర్లు. దీన్ని శిక్ష అంటారా?

వేపచెట్టు నీడ:
మన దగ్గర హైకోర్టు జడ్జి 62కి, సుప్రీంకోర్టు జడ్జి 65కి బట్టలు సర్దుకోవాలి. ఇంత టైము ఉంటే ఇంకేం చేసేవాళ్లో అని మనం వాపోతుంటాం. అక్కడేమో 95 ఏళ్లావిడ "నన్నెందుకు దించుతారు" అని కోర్టుకెక్కారు. ఎవరి గొడవ వారిది.

పాత ప్లీడరు:
వేపచెట్టు, నవ్వులాట కాదయ్యా. వాళ్ల రాజ్యాంగం "సత్ప్రవర్తన ఉన్నంతకాలం" అని రాసింది, వయసు రాయలేదు. ఎందుకంటే జడ్జి ఎవరికీ భయపడాల్సిన పని ఉండకూడదు, తోటి జడ్జీలకు కూడా. నలభై ఏళ్లు నల్లకోటు వేసుకున్నవాడిగా చెప్తున్నాను, అదొక్కటే అక్కడి జడ్జీల బలం.

డల్లాస్ అబ్బాయికి ఒక మాట. మతి స్థిమితం పోయిన జడ్జి సమస్య అమెరికాకు కొత్త కాదు. న్యూ హాంప్‌షైర్‌లో జాన్ పికరింగ్ అనే జిల్లా జడ్జి బెంచి మీద తాగి కూర్చునేవాడు, మనసు కూడా బాగాలేదు. 1803లో అభిశంసించారు, 1804లో సెనేట్ తీసేసింది. అలా సెనేట్ దోషిగా తేల్చి తీసేసిన మొదటి ఫెడరల్ జడ్జి అతనే. తోటి జడ్జీలు కాదు, చట్టసభ అందరూ చూస్తుండగా చేసిన పని అది. న్యూమన్ మీద వాడింది 1980లో చేసిన చట్టం. జడ్జిని పదవి నుంచి తీసే అధికారం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ జడ్జీల మండలికి లేదని ఆ చట్టమే చెప్తుంది. కేసులు ఆపొచ్చు, అదీ తాత్కాలికంగా, గడువు పెట్టి. మరి ఏడాది అయ్యాక ఏడాది, దాని మీద ఇంకో ఏడాది అంటే తాత్కాలికం ఎక్కడుంది? పేరుకు కుర్చీ ఉంచి కాళ్లు కోసినట్టు.

డల్లాస్ దోసె:
ప్లీడరు గారూ, గౌరవంతోనే అడుగుతున్నాను. గడువు పొడిగించింది వాళ్లా, ఆవిడా? పరీక్షకు వచ్చి ఉంటే మొదటి ఏడాదే తేలిపోయేదిగా?

మాత్రల మేస్త్రీ:
ఈ పేరు మాకు కొత్త కాదండీ. హైదరాబాద్ ఫార్మాలో పాతికేళ్లుగా ఉన్న ఎవరినడిగినా అమ్లోడిపిన్ కథ చెప్తారు.

బీపీ మాత్ర అది. ఫైజర్ అమ్మేది అమ్లోడిపిన్ బెసిలేట్ అనే లవణం, నార్వాస్క్ పేరుతో. డాక్టర్ రెడ్డీస్ అదే మందును మాలియేట్ అనే వేరే లవణంగా తయారుచేసింది. ఫైజర్ పేటెంట్ అసలు గడువు 2003 ఫిబ్రవరితో అయిపోతుంది. మందుల ఆమోదానికి పట్టిన కాలానికి పరిహారంగా అమెరికా చట్టం దాన్ని 2006 జూలై దాకా పొడిగించింది. రెడ్డీస్ వాదన ఏమిటంటే, పొడిగింపు ఆమోదం పొందిన బెసిలేట్‌కే, మా మాలియేట్‌కు కాదు అని. న్యూజెర్సీ జిల్లా కోర్టు ఒప్పుకుంది. నేను అప్పట్లో వేరే కంపెనీలో ఉన్నాను, అయినా మా క్యాంటీన్‌లో స్వీట్లు పంచుకున్నాం. లవణం మార్చి పేటెంట్ దాటే దారి దొరికితే అది అందరికీ దారే కదా.

2004 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు తిరగేసింది. తీర్పు రాసింది న్యూమన్. ఒక జడ్జి ఒప్పుకోలేదు, అయినా మెజారిటీ ఆవిడదే. పొడిగింపు మందు మూలపదార్థానిది, లవణం మారినంత మాత్రాన బయటపడలేరు అన్నది సారాంశం. ఆవిడ జడ్జి అయిన 1984లోనే అంజిరెడ్డి గారు కంపెనీ పెట్టారు, ఇరవై ఏళ్లకు ఇలా ఎదురుపడ్డారు. కోపం వచ్చిందా అంటే వచ్చింది. కానీ ఆ తీర్పు చదివితే కెమిస్ట్రీ తెలిసిన మనిషి రాసిందని రెండో పేజీలోనే తెలిసిపోతుంది. లవణం అంటే ఏమిటో వకీళ్ల చేత చెప్పించుకోవాల్సిన అవసరం లేని జడ్జి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆమోదం కోసం ముందుగా చేసే ప్రయోగాలు పేటెంట్ ఉల్లంఘన కిందికి వస్తాయా అన్న ఇంటెగ్రా కేసులో 2003లో తోటి జడ్జీలతో విభేదించి, పరిశోధనకు అడ్డుపడకూడదని రాసిందీ ఆవిడే. 2005లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ కోర్టు తీర్పును కొట్టేసింది. అంటే మందుల కంపెనీలకు కట్టుబడిన మనిషి అని కూడా అనలేం.

గట్టుమీద గువ్వ:
మేస్త్రీ గారూ, మంచి పాయింటు ఎత్తారు. ఆవిడ అసమ్మతి తీర్పులే అసలు కథ అని నాకో అనుమానం. ఒక పేటెంట్ సవాలులో కొన్ని అంశాలు మాత్రమే ఏరుకుని తేలుస్తామని పేటెంట్ ఆఫీసు అంటే కుదరదని 2016లో ఒంటరిగా రాశారు, 2018లో సుప్రీంకోర్టు 5-4తో అదే అంది. మాజీ సైనికుల చదువు సాయం మీద వచ్చిన రుడిసిల్ కేసు చూడండి. 2022 డిసెంబరులో మొత్తం కోర్టు ఒకవైపు, న్యూమన్, రేనా అనే ఇంకో జడ్జి మాత్రం మరోవైపు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 7-2తో సైనికుడి పక్షాన నిలిచింది. ఆ రోజుకి ఆవిడ సస్పెన్షన్‌లో ఉన్నారు! మతి తప్పిన మనిషి రాసిన మాటే చివరికి నెగ్గిందా?

డల్లాస్ దోసె:
ఇదే ఒప్పుకోను. 2022లో సరిగ్గా రాశారు కాబట్టి 2023లో బాగున్నారని ఎలా అంటాం? పైగా ఒక తీర్పు వెనక దాన్ని రాయడంలో సాయపడే లా క్లర్కులు ఉంటారు. అసమ్మతి మీద కక్ష అనుకుంటే ముప్పై ఏళ్ల కిందటే పంపేసేవాళ్లు, ఆవిడ మొదటి నుంచీ అంతేగా. సిబ్బంది చెప్పిన మాటలు చదవండి. నిన్న చెప్పిన పని ఇవాళ గుర్తుండటం లేదని చెప్పినవాళ్లకు ఆవిడతో ఏ సిద్ధాంత విభేదమూ లేదు.

అమ్మకు కూతురు:
నాకు లా తెలియదు. పేటెంట్లూ తెలియవు. చదువుతుంటే మా ఇల్లు గుర్తొచ్చి రాస్తున్నాను.

మా అమ్మ టీచరు. డెబ్బై దాటాక పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోవడం, పనమ్మాయి డబ్బులు తీసిందని అనడం మొదలైంది. అన్నయ్య డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటే, "నన్ను పిచ్చిదాన్ని చేసి ఇల్లు రాయించుకుందామనా" అంది. వాడు బాధపడ్డాడు. కానీ తర్వాత ఆలోచిస్తే ఇల్లు అమ్మే మాట వాడు అంతకు ముందు నెలే ఎత్తాడు. ఆవిడ అనుమానం పూర్తిగా జబ్బేనా?

ఇంకోటి. అమ్మ తనకు నచ్చిన డాక్టరు దగ్గర కూర్చుంటే ఒక గంట చక్కగా మాట్లాడేది. తేదీ, ప్రధానమంత్రి పేరు, ఎక్కాలు అన్నీ చెప్పేది. ఇంటికొచ్చాక చెప్పు ఫ్రిజ్‌లో పెట్టేది. న్యూమన్ గారు కూడా తన తరఫున ఒక న్యూరాలజిస్టుకు, ఒక సైకియాట్రిస్టుకు చూపించుకున్నారని, వాళ్లు బాగానే ఉన్నారన్నారని చదివాను. దాన్ని నేను పూర్తిగా నమ్మలేను. అలాగని ఆ కమిటీ డాక్టరునూ నమ్మలేను.

పాత ప్లీడరు:
అమ్మా, నువ్వు లా తెలియదంటూనే అసలు ముడి పట్టుకున్నావు.

డల్లాస్ అబ్బాయి అడిగినదానికి కూడా ఇదే జవాబు. తోటి జడ్జీల మీద అవినీతి ఆరోపణలు చేసిన మన కలకత్తా హైకోర్టు జస్టిస్ కర్ణన్ సంగతి గుర్తుందా? 2017 ఫిబ్రవరిలో ఆయనకు కేసులు ఆపేశారు. మే నెలలో ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు బెంచి మెడికల్ బోర్డు చేత పరీక్షించమంది. ఆయన రానన్నాడు. ఆ నెలలోనే కోర్టు ధిక్కారం కింద ఆర్నెల్ల జైలు. ఆయన చేసిన పనులను నేను సమర్థించను, చాలా అసహ్యంగా నడిచాయి. కానీ ఎవరిమీద ఆరోపణలు చేశాడో ఆ వ్యవస్థే పరీక్షకు పంపిందన్న మచ్చ మిగిలింది. న్యూమన్ అంతటి మనిషినీ ఆయన్నీ ఒక గాటన కట్టడం లేదు, పరీక్ష ఎవరు పెట్టారన్న ఒక్క విషయమే చూస్తున్నాను.

న్యూమన్ మొదటి నుంచీ అడిగింది ఇదే. నా కేసు వేరే సర్క్యూట్ జడ్జీలకు అప్పగించండి, వాళ్లు అడిగితే మాట్లాడదాం అని. ఆ నియమాల్లో అలా పంపే వీలుంది, అమెరికా చీఫ్ జస్టిస్‌ను అడగాలి అంతే. మూర్ అడగలేదు. 2024 ఫిబ్రవరిలో జాతీయ స్థాయి కమిటీ కూడా సస్పెన్షన్ సరేనంది. న్యూమన్ దావా వేసి జిల్లా కోర్టులో ఓడింది. 2025 ఆగస్టులో వాషింగ్టన్ డీసీ అప్పీలు కోర్టు, ఇలాంటి ఉత్తర్వులను చాలావరకు మేం పరిశీలించలేమని 2001 నాటి మా తీర్పు ఒకటి ఉంది, దానికి కట్టుబడాలి అని పక్కకు తప్పుకుంది.

డల్లాస్ దోసె:
సరే, వేరే సర్క్యూట్‌కు పంపి ఉండాల్సింది. ఇది ఒప్పుకుంటాను. పంపితే ఆలస్యం గురించి మా ఫిర్యాదు కూడా ఇంత మురికి అయ్యేది కాదు. మొదటి ఉత్తర్వులో ఆవిడకు గుండెపోటు వచ్చింది, స్టెంటు వేశారు అని రాశారు. అబద్ధం అని ఆవిడ వాదించారు. ఇలాంటివి కాగితం మీద పెట్టేముందు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. కానీ ఆవిడ కూడా, వేరే సర్క్యూట్ వస్తేనే నోరు విప్పుతాననడం సరికాదు. రికార్డులైనా ఇచ్చి ఉండాల్సింది.

గట్టుమీద గువ్వ:
అమ్మకు కూతురు గారూ, అడగొచ్చో లేదో. మీ అమ్మగారు చివరికి పరీక్షకు వెళ్లారా?

అమ్మకు కూతురు:
వెళ్లింది. అన్నయ్య మాట మీద కాదు, నా మాట మీదా కాదు. మా పిన్ని వైజాగ్ నుంచి వచ్చి వారం ఉంది. ఇల్లు ఎవరికి పోయినా పిన్నికి వచ్చేది ఏమీ లేదు. "అక్కా, నాకూ మతిమరుపే, ఇద్దరం చూపించుకుందాం" అని ఆటో ఎక్కించింది. డాక్టరును కూడా పిన్నే వెతికింది. రిపోర్టు మేం భయపడినట్టే వచ్చింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది, అక్షరదోషం ఒకటి ఎర్రపెన్నుతో దిద్ది అన్నయ్య చేతికిచ్చింది.

డల్లాస్ దోసె:
మీ పిన్నిగారిని వాషింగ్టన్ పంపండి మేడమ్. టికెట్ నేను తీస్తాను.