ముందు గీత కుదరాలా, కథ కుదరాలా? బొమ్మలు నేర్చుకునేవాళ్ళ కోసం ఒక గొడవ

పెన్నాగట్టు (నెల్లూరు)
రొట్టెల పండగ మీద బొమ్మ వేస్తున్నాను. స్వర్ణాల చెరువు, వెనక బారాషహీద్ దర్గా, ముందు నీళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు, మధ్యలో రొట్టె. ఈ పండగ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు: కోరిక ఉన్నవాళ్ళు ఆ కోరిక పేరుతో రొట్టె తీసుకుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె. కోరిక తీరినవాళ్ళు మళ్ళీ మొహర్రం నెలలో వచ్చి అదే పేరు రొట్టె ఇంకొకరికి ఇస్తారు. అంటే ఇచ్చే మనిషిది తీరిన కథ, పుచ్చుకునే మనిషిది ఇప్పుడే మొదలవుతున్న కథ. రెండూ ఒక్క బొమ్మలో రావాలని నా తాపత్రయం. చూసినవాళ్ళేమో "ఎవరో ఇద్దరు రొట్టె పట్టుకున్నారు" అంటున్నారు.

మా డ్రాయింగ్ మాస్టారు "రెండేళ్ళు అనాటమీ (ఒంటి నిర్మాణం), పర్‌స్పెక్టివ్ (దూరం, దగ్గర తేడా చూపించడం) చెయ్యి, కథ సంగతి తర్వాత" అంటారు. నాకది మింగుడు పడటం లేదు. "రెండూ ముఖ్యమే" అని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు దయచేసి రావద్దు.

మూపురం (ఒంగోలు)
మాస్టారిదే కరెక్ట్. మా వైపు బండలాగుడు పోటీల మీద బొమ్మలు వేసేవాళ్ళు బోలెడుమంది. ఎక్కువమంది ఏం చేస్తారంటే, నిలబడ్డ ఎద్దుకి కాడి తగిలించి, వెనక ఇంత దుమ్ము పోస్తారు. అందులో బలం ఎక్కడుంది? బండ కదిలించాలంటే ఎద్దు తల దించుతుంది, వెనక కాళ్ళు తన్నిపెడుతుంది, గిట్టలు నేలలో దిగబడతాయి, ఒళ్ళంతా ముందుకి సాగుతుంది. మోకు కర్రలా బిగుసుకుంటుంది. ఆ కాళ్ళు గీయడం రాకపోతే కథే లేదు, దుమ్ము మాత్రం ఉంటుంది. ఇక మూపురం, గంగడోలు తప్పుగా వేశావంటే మా ఊళ్ళో రైతు రెండోసారి ఆ బొమ్మ వంక చూడడు.

సన్నగీత (కావలి)
మూపురం గారూ, ఎద్దు విషయంలో మీ మాట ఒప్పుకుంటా. అక్కడ కథంతా ఒంట్లోనే ఉంది. పెన్నాగట్టు బొమ్మలో ఇబ్బంది గీతది కాదు. ఏ క్షణం ఎంచుకోవాలి, ఎవరు ఎటు చూడాలి అన్నది తేలలేదు.

రొట్టె చేతులు మారే క్షణం ఫొటోగ్రాఫర్లందరూ తీసేదే. ఆ క్షణంలో ఇద్దరూ ఒకేలా కనపడతారు: తల మీద కొంగు, మోకాళ్ళ దాకా నీళ్ళు, చాచిన చేతులు. ఎవరిది తీరింది, ఎవరిది తీరాలి అని ఎట్టా తెలుస్తుంది? ఒక రొట్టె పేరు ఖాయం చేసుకో తమ్ముడూ. సంతానం రొట్టె అనుకో. ఇచ్చే ఆమె చంకలో బిడ్డని పెట్టు. పుచ్చుకునే ఆమె చెయ్యి రొట్టె మీద, చూపు మాత్రం బిడ్డ మీద. అంతే, తీరిన కథ, తీరాల్సిన కథ రెండూ వచ్చేశాయి. దీనికి అనాటమీ ఏం కావాలి? అగ్గిపుల్లల మనుషులతో గీసినా అర్థమవుతుంది.

అసలు పెద్ద బొమ్మ మొదలుపెట్టకముందే అరచేతిలో సగం సైజులో చిన్న చిన్న స్కెచ్‌లు వెయ్యి, ఒక్కోటి రెండు నిమిషాల్లో. దూరం నుంచి, దగ్గర నుంచి, నీళ్ళలోంచి, మెట్ల మీద నుంచి. వాటిలో ముఖాలు కూడా అక్కర్లేదు. నలుపు, తెలుపు, ఒక బూడిద రంగు చాలు. ఆ సైజులో కథ తెలియకపోతే పెద్దదైనాక కూడా తెలియదు. నేర్చుకునేవాళ్ళు ఈ పని వదిలేసి సరాసరి చీర అంచు మీద పడతారు. చీర బాగానే వస్తుంది!

మూపురం (ఒంగోలు)
అగ్గిపుల్లల మనుషులా? చంకలో బిడ్డ ఉన్న ఆడమనిషి నిటారుగా నిలబడుతుందా? నడుము ఒక పక్కకి వస్తుంది, భుజాలు రెండో పక్కకి ఒరుగుతాయి, బరువంతా ఒక కాలి మీద పడుతుంది. అది రాకపోతే బిడ్డ బొమ్మకి అతికించినట్టు ఉంటుంది. మీరు చెప్పిన కథ నిలబడాలన్నా నేను చెప్పిన గీతే కావాలి.

పాతపుస్తకాలు (కందుకూరు)
మీ ఇద్దరూ ఒక సంగతి మర్చిపోతున్నారు. బొమ్మ ఒంటరిగా కథంతా మొయ్యాలని ఎవరన్నారు? 1947లో మొదలైన చందమామలో బొమ్మ పక్కన రాత ఎప్పుడూ ఉంది. అందులో బొమ్మలేసిన శంకర్ గారి విక్రమార్కుణ్ణి చూడండి, భుజాన శవం, చేతిలో కత్తి. ఎవరీయన, ఎక్కడికి పోతున్నాడు అని గుండె గుభేలుమంటుంది. ఆ శవంలో బేతాళుడు మాట్లాడతాడన్న సంగతి మాత్రం రాత చెప్పాల్సిందే. ప్రశ్న పుట్టించడం వరకే బొమ్మ పని అని నా అభిప్రాయం. తోలుబొమ్మలాటలో పాట ఆపేస్తే తెర మీద నీడలు ఎంతసేపు చూస్తాం?

ఇంకొకటి. సన్నగీత గారి బొమ్మ మన జిల్లా దాటితే ఎట్టా ఉంటుందో ఆలోచించారా? ఒకామె ఇస్తోంది, ఒకామె చెయ్యి చాచింది. హైదరాబాద్‌లో చూసినవాడు దానధర్మం అనుకుంటాడు. పండగ అర్థమే తిరగబడుతుంది.

సన్నగీత (కావలి)
ఇది మంచి పాయింట్. నాకు తట్టలేదు. దీనికీ బొమ్మలోనే మందుంది. ఇచ్చే ఆమె పై మెట్టు మీద, పుచ్చుకునే ఆమె కింద ఉంటే అది దానమే. ఇద్దర్నీ ఒకే నీళ్ళలో, కళ్ళు ఒకే ఎత్తులో పెట్టాలి. పుచ్చుకునే ఆమె చీర కూడా ఇచ్చే ఆమె చీరకి తీసిపోకూడదు. పేదరికం గుర్తు ఒక్కటున్నా చూసేవాడు దాన్నే పట్టుకుంటాడు. వెనకాల గుంపులో ఇంకో రెండు జంటలు రొట్టెలు మార్చుకుంటూ కనపడితే ఇది అందరూ చేసే పని అని తెలుస్తుంది. వాళ్ళని లేత రంగులో వదిలెయ్, ముఖాలు వద్దు.

పెన్నాగట్టు (నెల్లూరు)
అక్కా, చెరువు దగ్గర ఏ రొట్టె ఎక్కడో తెలిసేలా బోర్డులు పెడతారు గదా. వెనక "సంతానం రొట్టె" అని బోర్డు వేస్తే? రాత కూడా బొమ్మలోనే ఉంటుంది. ఇది దొంగాట అవుతుందా?

పాతపుస్తకాలు (కందుకూరు)
దొంగాట ఏముంది, అక్కడ ఉన్నదే గదా వేస్తున్నావు. పెట్టు.

సన్నగీత (కావలి)
నేనైతే పెట్టను. అక్షరాలు కనపడగానే కన్ను ముందు అటే పోతుంది, బిడ్డ వైపు చూపు వృథా అవుతుంది. తప్పదనుకుంటే గుంపు వెనక సగం మూసుకుపోయేలా పెట్టు, "సంతా" వరకే కనపడేలా.

మూపురం (ఒంగోలు)
బోర్డు సంగతి మీరు తేల్చుకోండి. తమ్ముడూ, ఆ చిన్న స్కెచ్‌లు వేసినవి ఇక్కడ పెట్టు. చంకలో బిడ్డ ఉన్నామె కాళ్ళు నీళ్ళలో దాచేస్తే మాత్రం ఊరుకోను, మెట్టు మీద నిలబెట్టి కూడా ఒకటి వేసి చూపించాలి.

సన్నగీత (కావలి)
మెట్టు వద్దని ఇప్పుడే గదండీ చెప్పాను!