‘అవి విత్తవు, కోయవు’: పక్షులు నేర్పేది ఏ నమ్మకం?

ప్రశ్న: మత్తయి సువార్త 6వ అధ్యాయం 26వ వచనంలో “ఆకాశపక్షులను చూడుడి, అవి విత్తవు కోయవు, కొట్లలో కూర్చుకొనవు, అయినను మీ పరలోకపు తండ్రి వాటిని పోషించుచున్నాడు” అని ఉన్నది. రెక్కాడితే గాని డొక్కాడని మనిషికి ఈ మాట చెబితే, చేతులు ముడుచుకొని కూర్చోమన్నట్లు ధ్వనించదా?

జవాబు: రెక్కాడితే గాని డొక్కాడకపోవడం మనిషికన్నా ముందు పక్షికే అక్షరాలా వర్తిస్తుంది. విత్తడం, కోయడం, కొట్లలో కూర్చడం అని వచనం కాదన్న మూడూ సేద్యగాడి పనులే గాని, పక్షులు వెతకడం, ఏరుకోవడం, మోసుకొని రావడం మానుకున్నాయని అందులో ఎక్కడా లేదు. ఎక్కువగా గింజలు తిని బతికే ఊరపిచ్చుక సైతం, గుడ్లు పగిలి పిల్లలు బయటికి రాగానే పురుగుల వేటలో పడుతుంది. ఆడదీ మగదీ పచ్చపురుగును ముక్కున కరచుకొని వచ్చి, గూటి అంచున వాలి, తెరచిన నోళ్లలో ఒకదానిలో పెట్టి, వెంటనే మళ్లీ ఎగిరిపోతుంటాయి. పురుగును పుట్టించే భారం పిచ్చుకది కాదు, వెతికే భారం దానిదే. వచనం చెప్పే నమ్మకం ఈ రెండింటి నడుమ ఉన్నదని నా అభిప్రాయం.

లూకా 12వ అధ్యాయం 24వ వచనం కాకులను పేర్కొని, “వాటికి గరిసె లేదు, కొట్టు లేదు” అంటుంది. కాకి మిగిలిన ముక్కను నేలలో గుచ్చి, పైన ఆకు కప్పి పోవడం గమనించినవారు ఇక్కడ ఆక్షేపణ చెప్పవచ్చు. అయితే రేపటి ముద్ద దాచుకోవడం వేరు, గరిసె కట్టడం వేరు. ఈ వచనానికి కాస్త ముందే, పంట విస్తారంగా పండిందని ఉన్న కొట్లు విప్పి పెద్దవి కట్టించదలచిన ధనవంతుడు ఆ రాత్రే ప్రాణం విడువవలసి వచ్చిన ఉపమానం ఉన్నది గనుక, కొట్టు నిండితే ఇక ప్రాణానికి ఢోకా లేదనుకోవడాన్నే ఇక్కడ తప్పుపట్టినట్లు గ్రహించాలి. పైగా లేవీయకాండం 11వ అధ్యాయం కాకిని తినరాని పక్షుల జాబితాలో చేర్చింది. అటువంటిదానికే ఆహారం అందుతున్నదనడం మాటకు మరింత బలమిస్తుంది.

ప్రశ్న: సామెతల గ్రంథం 6వ అధ్యాయం చీమను చూపి, అది “కోతకాలమందు ధాన్యము కూర్చుకొనును” అని మెచ్చుకుంటున్నది. కూర్చుకోని పక్షి, కూర్చుకొనే చీమ, రెండూ ఆదర్శమెలా అవుతాయి?

జవాబు: వినేవారు వేరు. చీమను చూడమన్నది సోమరితో. పక్షిని చూడమన్నది ఏమి తిందుమో, ఏమి ధరించుకొందుమో అని కుమిలిపోయేవారితో.

అసలు చిక్కు పిచ్చుకల దగ్గర ఉన్నది. మత్తయి 10వ అధ్యాయంలో కాసుకు రెండు పిచ్చుకలు, లూకా 12వ అధ్యాయంలో రెండు కాసులకు అయిదు; అంటే అయిదవది కొసరు. “వాటిలో ఒకటైనను దేవునియెదుట మరువబడదు” అన్నప్పుడు ఆ కొసరు పిచ్చుక సైతం లెక్కలోకి వచ్చినట్లే. అయితే పిచ్చుక నేలను పడనే పడదని మత్తయి అనలేదు. తండ్రి సెలవు లేక పడదని మాత్రమే అన్నాడు. గూటిలోనుంచి జారిపడిన పిల్లను చూచినవారికి ఈ తేడా వేరే చెప్పనక్కరలేదు. ఈ వచనాలను ఆపదే రాదన్న హామీగా వినిపించే ప్రసంగాలు మూలంలో లేనిదానిని చేరుస్తున్నాయి. శిష్యులను తోడేళ్ల మధ్యకు గొఱ్ఱెలను పంపినట్లు పంపుతున్నానని చెప్పినది కూడా మత్తయి 10వ అధ్యాయమే.